కడుక్కొని వచ్చిన పాదాలు

పాదాలు కడిగే ఆరాధనకు పాదాలు శుభ్రంగా కడుక్కొని రావడం మా ఊరి అలవాటు. శుభ శుక్రవారానికి ముందటి గురువారం, ఎండ కాస్త చల్లబడగానే, ప్రభువు తన శిష్యులకు చేసినట్టు మేమూ ఒకరి పాదాలొకరం కడుగుతాం, మగవాళ్ళు తెరకు అటు, ఆడవాళ్ళం ఇటు, ఆ తర్వాతే ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం. ఆ పొద్దున మా పేటలో ఆడవాళ్ళను చూడాలి, ప్రతి ఇంటి ముందూ ఒక ఇటుక ముక్క, ఒక చెంబు, కుంకుడు నురుగు, మడమలు కందిపోయేదాకా రుద్దడం. తమను తాము తగ్గించుకోవడానికి పోతున్నారా, పెళ్ళికి పోతున్నారా అని నేనే ఎన్నో ఏళ్ళు నవ్వాను. నవ్విన నోటితోనే ఇవాళ అందరికంటే ముందు లేచి అందరికంటే ఎక్కువగా రుద్దుకున్నాను. నా పాదాల్లో ఎవరికీ ఏదీ దొరకకూడదు, అందులోనూ ఈ ఏడు అసలు దొరకకూడదు.

ఇప్పుడు మా ప్రార్థన గుడిలో గోడ వారన చాప మీద కూర్చొని, తువ్వాలు నా దాకా రావడం కోసం చూస్తున్నాను. ద్వారం దగ్గర మొదలైంది, ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసిన చప్పుడు విన్నాను. ఒకామె తువ్వాలు నడుముకు చుట్టుకొని పక్కామె పాదాలు కడిగి, తుడిచి, ఆమెను కౌగిలించుకొని, తువ్వాలు ఆమెకే ఇస్తుంది, ఆమె తన పక్కామెకు, అట్లా వరస జరుగుతూ గోడ దాకా వస్తుంది. అంతసేపూ పాట ఆగదు. తెరకు అటువైపు మా పాస్టరు ఏసోబు అయ్యగారి గొంతు, ఎప్పటిలాగే పాటకంటే ఒక అడుగు వెనక. ఆరాధన మొదట్లో ఆయన ప్రతి ఏడూ చెప్పే మాటే చెప్పారు, "ఎవరి మీదన్న మనసుల ఏమన్న వెట్టుకున్నోళ్ళు బల్ల కాడికి వచ్చే ముందుగాల కడిగేసుకోండ్రి, నీళ్ళు ఒక్క కాళ్ళకే గాదు." ఆ మాట అంటూ నా వైపు తిరిగారనిపించింది. తిరిగారో లేదో నాకు ఖాయంగా తెలియదు. ఈ మధ్య నాకు ఖాయంగా తెలిసేవి తక్కువ.

నా కళ్ళ సంగతి నాకూ దేవునికీ తప్ప ఎవరికీ తెలియదు, దేవుడు ఎవరికీ చెప్పడు. మొదట్లో దీపం చుట్టూ ఒక వలయం కనబడేది, చిమ్నీకి మసి పట్టిందనుకొని తుడిచాను, తర్వాత అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కడం మొదలుపెట్టాయి, అచ్చువేసినవాళ్ళను అనుమానించాను, ఆ తర్వాత మనుషుల ముఖాలు గంజిలో ముంచిన గుడ్డల్లా అయ్యాయి, అప్పుడిక అనుమానించడానికి నా కళ్ళు తప్ప ఎవరూ మిగలలేదు. ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది, నీడ తెలుస్తుంది, తెలుపు తెలుస్తుంది, మిగతా రంగులన్నీ ఒకటే బూడిద. దవాఖానకు పోతే పొర తీసేస్తారంటారు, కాని పోవాలంటే ఫలానా జబ్బని చెప్పాలి, చెప్పిన రోజే నా పని పోతుంది. నన్ను కొత్తకోట చుట్టుపక్కల ఊళ్ళల్లో వాక్యం భద్రమ్మ అంటారు, తెల్ల చీర కట్టి, నల్ల గొడుగు పట్టి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం నా పని. చదివి వినిపించే మనిషికి చదవడం రాకపోతే ఆమె ఎవరు, కలుపు తీయడానికి కూడా ఎవరూ పిలవని ఒక ముసలి విధవ. అందుకే పుస్తకం తెరిచి పట్టుకొని, అక్కడక్కడ వేలు జరుపుతూ, గుర్తొచ్చినప్పుడు పేజీ తిప్పుతూ, ఇన్నేళ్ళూ కంఠతా వచ్చిందే చెప్పుకుపోతున్నాను. ఇది మోసమా? దేవుని మాటే కదా చెప్తున్నాను, ఒక్క పొల్లు కూడా పోనివ్వకుండా. మోసమని నేననుకోను, అనుకుంటే నిద్ర పట్టదు.

కాని ఎవరో పసిగట్టారు. మొన్న ఆదివారం అందరూ వెళ్ళిపోతుంటే ఏసోబు అయ్యగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "భద్రమ్మా, పండుగ గానియ్యి, అయినంక నీతోని జర మాట్లాడేదున్నది," అన్నారు. ఉన్నది ఇప్పుడే మాట్లాడవచ్చు కదా, నోరు ఆయన దగ్గరే ఉంది, చెవులు నా దగ్గరే ఉన్నాయి. మాట్లాడలేదు. మామూలుగా గుడి కప్పు ఎగిరేటట్టు మాట్లాడే మనిషి గొంతు తగ్గించాడంటే మంచి కబురుకు తగ్గించడు. ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు, కూర్చుంటే ఆ మాటే, పడుకుంటే ఆ మాటే, నాకు భయంగా ఉంది. ఆయనకు ఎవరు ఉప్పందించారు? ఎంత వెతికినా ఒకే చోట ఆగుతున్నాను. లీలమ్మ.

లీలమ్మ నా తమ్ముడి భార్య, గద్వాల పక్క పిల్ల, హాస్టల్లో ఉండి చదువుకుంది, గడగడా చదువుతుంది. నోట్లో నాలుక లేని మనిషని నా తమ్ముడు మురిసిపోతాడు. నోట్లో నాలుక లేని వాళ్ళను నేను నమ్మను, ఆ నాలుక ఎక్కడో ఉండే ఉంటుంది కదా. ఊళ్ళకు పోయేటప్పుడు తోడొస్తానని కిందటేడు తనే అడిగింది, ఎందుకడిగింది? మొదట్లో పద్ధతిగా నా సంచి మోస్తూ నా వెనక నడిచేది. వానలు వెళ్ళాక ఒకనాటి నుంచి ముందు నడవడం మొదలుపెట్టింది, పెద్దదాన్ని నేనుండగా, గొడుగు నా చేతిలో ఉండగా. ఊరివాళ్ళకు మొదట కనబడేదెవరు, లీలమ్మ. దానికి తోడు తెల్ల చీర. నా తమ్ముడు కొత్తకోట అంగడిలో ఇష్టపడి కొనిచ్చిన ఎర్ర చీర పెట్టెలో పడేసి తెల్ల చీర కట్టింది, మొగుడు బతికుండగా ఇదేం కట్టుబాటని ఊళ్ళో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నా ఊరుకుంది. తెల్ల చీర ఈ పని చేసేవాళ్ళ గుర్తు, నాకు మా తెల్ల దొరసానమ్మ తన చేత్తో ఇచ్చింది, ఊరికే రాలేదు. "ఏందే, తెల్లది గట్టినవ్?" అని అడిగాను. "ఊకెనే వదినె, ఎండకు సల్లగుంటదని," అంది. అప్పుడు చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మాఘం కూడా రాలేదు, ఈమెకు ఎండట. పాట ఎత్తుకోమని నన్నడిగేలోపే తను ఎత్తుకుంటుంది, అయ్యగారు చదవమని పుస్తకం నా చేతికివ్వబోతే "నేను సదువుత, వదినె ఇవరం జెప్తది," అని మధ్యలో దూరుతుంది, అంతా తల వంచుకొనే, అంతా వినయంగానే. వినయంగా నా చోటికి ఎసరు పెట్టింది.

ఉప్పలమ్మ ఇంట్లో జరిగింది అంతకంటే పెద్దది. ఉప్పలమ్మ నేతపని చేసే ముసలామె, మా మతంలోకి రాదు, కాని వాక్యం చెప్పమంటుంది, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని నేస్తూనే వింటుంది. నేను పుస్తకం తెరిచి, తప్పిపోయిన గొర్రెను కాపరి భుజాల మీద వేసుకొని తెచ్చే చోటు చెప్తున్నాను, అది నాకు ఎంత బాగా వచ్చంటే చెప్తూ చెప్తూ నాకే కళ్ళు తడవుతాయి. మగ్గం ఆగింది. ఉప్పలమ్మ అంది, "అమ్మా, మీ పొత్తం తలకిందులు వట్టి సదివినా గదే ముచ్చటొస్తదా?" లీలమ్మ చటుక్కున పుస్తకం నా చేతిలోంచి తీసుకొని, "వదినెకు నోటికొచ్చు అవ్వా, ఎట్ల వట్టినా వస్తది," అని నవ్వింది. ఎవర్ని చూసి నవ్వింది? అక్షరం ముక్క రాని ఉప్పలమ్మకు పుస్తకం తిరగబడిందని ఎట్లా తెలిసింది? ఎవరో కళ్ళతో సైగ చేస్తేనే కదా తెలిసేది. ఇంటికి వస్తూ దారి పొడవునా లీలమ్మ వీపును చూస్తూ నడిచాను, తెల్లగా ముందు పోతూ ఉంది, ఒళ్ళు మండిపోయింది. ఆ పుస్తకం అట్ట మీద పెద్ద శిలువ గుర్తు ఉంటుందని, అది తలకిందులైతే గొడ్లు కాసేవాళ్ళకు కూడా తెలుస్తుందని నాకు అప్పుడు తట్టలేదు, ఇప్పుడే, ఈ చాప మీద, ఎందుకో తట్టింది. తట్టినా సరే, సైగ కూడా చేసే ఉంటుంది.

వినయం గురించి నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, అందులో నాకు బహుమానం వచ్చింది. మహబూబునగరంలో హాస్టల్లో ఉన్నప్పుడు దొరసానమ్మ ప్రతి ఏడూ చదువుకొకటి, కుట్టుపనికొకటి, వినయానికొకటి ఇచ్చేది, ఆ ఏడు వినయానికి నన్ను పిలిచింది. అట్ట మీద అచ్చువేసిన అందమైన బొమ్మ, అంచుకు జరీ, మోకాళ్ళ మీద ఉన్న ఒక పాప. ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. ప్రార్థనప్పుడు అందరూ మోకాళ్ళు వంచితే నేను నుదురు నేలకు తగిలించేదాన్ని, అందరూ లేచాక కూడా కొంచెంసేపు లేచేదాన్ని కాదు, దొరసానమ్మ చెప్పుల చప్పుడు నా పక్కన ఆగేదాకా. ఆ బొమ్మ ఇప్పటికీ పెట్టెలో ఉంది, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తాను, వినయానికి వచ్చిందని చెప్తాను. దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోయేముందు ఒకసారి అంది, వచ్చీరాని తెలుగులో, దేవుడు మోకాళ్ళు చూడడు భద్రమ్మా, ఇంకా వంగనిది ఏది ఉందో అది చూస్తాడు అని. ఆ మాట ఎందుకంది, నన్ను ఉద్దేశించి అందా, లేక వెళ్ళిపోయేవాళ్ళు ఏదో ఒకటి అనాలి కాబట్టి అందా? రజాకార్ల రోజుల్లో గొడుగు చంకలో పెట్టుకొని ఒక్కదాన్నే నడిచినప్పుడు కూడా ఆ మాట నమలుతూ నడిచాను. ఎటునుంచి నమిలినా నాకు అందులో పొగడ్త దొరకలేదు, అందుకే అది ఎవరికీ చెప్పలేదు, బొమ్మను మాత్రం చూపిస్తాను.

నీళ్ళ చప్పుడు దగ్గరికొస్తోంది. నాకు కుడివైపు కొంచెం దూరంలో గొర్రెల వాసన. అది సైదమ్మ, గొర్రెలు మేపే కురుమల ఇంటి మనిషి, ఈ మధ్యనే వాగులో బాప్తిస్మం పొందింది, పాదాలు కడిగే ఆరాధనకు ఇదే మొదటిసారి. మంద నుంచి నేరుగా వచ్చింది. చాప మీద కూర్చోగానే ఆడవాళ్ళలో కలకలం, "ఓయమ్మ, కాళ్ళు జూడుండ్రి," అని ఎవరో గొణిగారు, చాప మీద జరిగిన చప్పుడు, ఒకరి తర్వాత ఒకరు జరిగి ఆమె పక్కన చోటు ఖాళీ చేశారు. నేను చూడలేదు, కాని ముక్కు చెప్పింది, పెంటమట్టి, గొర్రె ఉన్ని, ఎండిన బురద. సైదమ్మ మీద కూడా నాకు అనుమానమే, ఇల్లంతా మల్లన్న దేవుణ్ణి కొలిచేవాళ్ళు, ఈమె ఒక్కతే ఏం ఆశించి మా దగ్గరికొచ్చింది, మిషను దవాఖాన మందులకా? ఇవాళ ఈ కాళ్ళతో రావడం ఏమిటి, మాతో కావాలని కడిగించుకొని వెళ్ళి పేటలో నవ్వడానికా? అయినా నేను లేచి వెళ్ళి ఆ ఖాళీలో కూర్చున్నాను. ఆడవాళ్ళ గుసగుసలు ఒక్కసారిగా ఆగిపోయాయి, అది నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎవరూ ముట్టని కాళ్ళు భద్రమ్మ ముడుతుంది. ఆ కబురు తెర దాటి అయ్యగారికి చేరుతుంది, పండుగ అయ్యాక నన్ను తీసేస్తానని ఎట్లా అంటాడు, ఏ ముఖంతో అంటాడు? ప్రభువా, పైకి వంగి లోపల నిటారుగా నిలబడే లీలమ్మ లాంటి మనసు నాకివ్వలేదు, నీకు స్తోత్రం, అని కళ్ళు మూసుకొని ఆమెన్ అనబోయి ఆగాను. ఈ ప్రార్థన ఎక్కడో విన్నాను. వాక్యంలోనే ఉంది, గుడిలో ముందు నిలబడి తనను తాను పొగుడుకున్న వాడొకడు, వాడి గొంతు అనుకరిస్తూ ఎన్ని ఊళ్ళల్లో ఎంతమందిని నవ్వించాను. ఆమెన్ అనలేదు, ప్రార్థన అక్కడే వదిలేశాను.

అప్పుడు నా ఎడమపక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. బూడిద మధ్యలో తెల్లగా ఒక మరక, గాజుల చప్పుడు, గాజులకు పిన్నీసు తగిలే చిన్న చప్పుడు. లీలమ్మ. వరస ఎడమ నుంచి వస్తోంది, అంటే నా పాదాలు కడిగేది లీలమ్మ. ఇది ఊరికే జరిగిందా? ఇంతమందిలో ఇదే చోటు దొరికిందా? లేచి వెళ్ళిపోదామనుకున్నాను, కాని లేస్తే మనసులో ఏదో ఉందని అందరికీ తెలుస్తుంది, అదీ గాక ఇంత ఇరుకులో ఎవరి మీద కాలు పెడతానో తెలియదు. తప్పించుకోవడానికి లేదు. ప్రభువు వంగి కడగబోతే ఒక శిష్యుడు కూడా తన పాదాలు ముట్టవద్దని మొరాయించాడట. నేను ఊళ్ళల్లో ఆ కథ చెప్పినప్పుడు అతని ప్రేమ చూడండి అని చెప్పేదాన్ని. ప్రేమ కాదేమో, అతని పాదాల్లో కూడా ఏదో ఉండి ఉంటుంది.

ఎందుకంటే నా పాదంలో ఉంది. సోమవారం లీలమ్మకు చెప్పకుండా ఒక్కదాన్నే బయలుదేరాను, నీ తోడు లేకుండా కూడా నేను పోగలనని చూపించడానికి. ఇన్నేళ్ళు నడిచిన ఎర్రమన్ను బాట, సీతాఫలం పొదల పక్కగా, బండల నడుమ, నిద్రలో కూడా పోగలననుకున్నాను. ఎక్కడ తప్పానో తెలియదు, కంపలో పడ్డాను, ఒక చెప్పు పోయింది, ఎటు తిరిగినా ఒకటే బూడిద, ఎవరైనా ఉన్నారా అని పిలవడానికి నోరు రాలేదు, నేల మీద కూర్చొని చేతులతో తడుముకుంటూ బాట వెతుక్కున్నాను. తుమ్మముల్లు ఎడమ అరికాల్లో విరిగింది. ఇవాళ పొద్దున ఎంత రుద్దినా అది ఎక్కడుందో చూడలేకపోయాను, వాపు మాత్రం వేలికి తగులుతోంది. తువ్వాలు లీలమ్మకొచ్చింది. పళ్ళెం నేల మీద జరుగుతూ నా ముందు ఆగింది. లీలమ్మ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, కుడి పాదం కడిగింది, గోరువెచ్చని నీళ్ళు, తొందరపడని చేతులు. ఎడమ పాదం ఎత్తింది, బొటనవేలితో అరికాలు తడిమింది, ఆగింది.

"వదినె, ముల్లున్నది."

"ఏం లేదు, కడుగు."

"లోపటికి పోయింది. సీము వట్టింది."

"ఊకో పిల్లా, అందరు సూస్తరు."

"ఎవ్వరు సూడరు, నేను అడ్డం గూసున్న." గాజుల నుంచి పిన్నీసు తీసిన చప్పుడు. నా మడమను తన ఒళ్ళో పెట్టుకుంది, తడి కాలు తెల్ల చీర మీద. "సోమారం ఒక్కదానివే పోయినవ్. నాకోసం జర ఆగకపోతివి. కంపల వడ్డవు గదా."

"నీకెవరు జెప్పిన్రు?"

"ఎవరు జెప్తరు, గీ ముల్లు జెప్తాంది." సూది మొన లోపలికి దిగింది, పళ్ళు బిగించాను. ఆమె మాట్లాడుతూనే ఉంది, పాట కింద ఒకటే మాటల సన్న ధార, నాకు తప్ప ఎవరికీ వినబడకుండా. "వానకాలం పోయినంక ఒకసారి నేను బాట మీద ఆగితే నువ్వు ఆగకుంట వచ్చి నా మీద వడ్డవ్, యాదున్నదా? అప్పుడు ఎర్ర చీర మీదున్న. ఆ మన్నుల ఎర్రది నీకు కానొస్తలేదని అప్పుడే అనుకున్న. తెల్లది గట్టి ముందల నడిస్తె మంచిగ నా ఎనకనే వచ్చినవ్. మల్ల దాన్నే గట్టుకుంటున్న."

ముల్లు బయటికొచ్చింది, వెచ్చగా ఏదో కారింది, ఆమె నీళ్ళతో కడిగి అదిమి పట్టుకుంది. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట స్తోత్రం కాదు. "అయ్యగారికి జెప్పినవా?" అన్నాను.

"నేనెవ్వరికి జెప్పలే వదినె. నీ ముచ్చట నువ్వు జెప్పుకోవాలె గని నేనెట్ల జెప్త. ఫికర్ జెయ్యకు, ఎన్నడు జెప్ప."

నాకు కోపం వచ్చింది, మొదట వచ్చింది కోపమే. అంటే ఇన్నాళ్ళూ నన్ను గొర్రెను తోలుకుపోయినట్టు తోలుకుపోయిందా, నేను గొడుగు పట్టుకొని వాక్యం భద్రమ్మనని నడుస్తుంటే ముందు ఈ పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ నడిచిందా. ఆ తర్వాత పాట గుర్తొచ్చింది, నేను పాటల పుస్తకం అందుకునేలోపే ఎందుకు ఎత్తుకునేదో, చదవమంటే ఎందుకు మధ్యలో దూరేదో, ఉప్పలమ్మ ముందు ఎందుకు నవ్వేసిందో. ఊరంతా చెవులు కొరుక్కుంటుంటే, మొగుడు కొనిచ్చిన చీర పెట్టెలో పెట్టి, ఎండకు చల్లగా ఉంటుందని అబద్ధమాడింది, ఎంత చేతకాని అబద్ధం. తల తీసేసినట్టయింది. నుదురు నేలకు తగిలించడం నాకు వెన్నతో పెట్టిన విద్య, ఎన్నిసార్లంటే అన్నిసార్లు తగిలిస్తాను, కాని నా కాలు ఇంకొకరి ఒళ్ళో, చీమూ నెత్తురూ వాళ్ళ చేతుల్లో, నేను చేయడానికి ఏమీ లేకుండా ఇట్లా కూర్చోవడం నాకు ఎప్పుడూ రాలేదు. దేవుడు ఎవరికీ చెప్పడనుకున్నాను. చెప్పలేదు, నా ముందు ఒక తెల్ల చీర నడిపించి ఊరుకున్నాడు.

లీలమ్మ పాదం తుడిచి, నన్ను కౌగిలించుకొని, తువ్వాలు నా చేతిలో పెట్టింది. పాట సాగుతోంది. ఇక సైదమ్మ వంతు. పళ్ళెం ఎక్కడో నా ముందే ఉంది, కాలితో మెల్లగా తడిమితే దొరుకుతుంది, ఇట్లాంటివి నాకు అలవాటే, ఎవరికీ తెలియకుండా చేసుకోగలను. లీలమ్మ ఎన్నడూ చెప్పదు, ఆ మాట నమ్ముతున్నాను, ఎవరి మాటా నమ్మని నేను. అయ్యగారు అడిగితే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, గొడుగు నాదే, చీర నాదే, ముందు నడిచేది లీలమ్మ, నేను వాక్యం భద్రమ్మగానే చచ్చిపోవచ్చు. ఎంత సుళువు. ఈ పిల్ల బతికినంత కాలం తెల్ల చీరలోనే ఉండిపోతే చాలు. తువ్వాలు నడుముకు చుట్టుకొని లేచి నిలబడ్డాను. అరికాలు మండుతోంది. ఊళ్ళల్లో వాక్యం చెప్పే గొంతుతో, ఆ కొన నుంచి ఈ కొనకు వినబడే గొంతుతో అన్నాను:

"లీలమ్మా, నాకు కండ్లు కానొస్తలేవు. పళ్ళెం ఏడున్నదో జర చెయ్యి వట్టి సూపెట్టు."

పాట ఆడవాళ్ళ దగ్గర తెగిపోయింది. తెరకు అటువైపు, ఎప్పుడూ ఒక అడుగు వెనకుండే అయ్యగారి గొంతు ఒక్కటే ఇంకో చరణం దాకా ఒంటరిగా నడిచి, అదీ ఆగిపోయింది. ఆయనకు ముందే తెలుసా, ఆ సంగతే పండుగ అయ్యాక మాట్లాడాలనుకున్నారా, లేక గుడి కప్పు కురుస్తోందని చెప్పాలనుకున్నారా, నాకు ఇంకా అనుమానమే. లీలమ్మ గాజులు నా పక్కన చప్పుడయ్యాయి. తడి చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకొని కిందికి దించింది, వేళ్ళకు ఇత్తడి అంచు తగిలింది, ఆ తర్వాత నీళ్ళు, ఆ తర్వాత సైదమ్మ మడమ. పగుళ్ళు వేలు దూరేటట్టున్నాయి, బురద పెళుసు కట్టి ఉంది. ఎవరో మెల్లగా పాట మళ్ళీ ఎత్తుకున్నారు.

"గింత మట్టేందే సైదమ్మా," అంది వెనకనుంచి ఒకామె, ఉండబట్టలేక.

"మీరే కడుగుతమంటిరి గదమ్మా," అంది సైదమ్మ. గొంతులో ఎగతాళి ఉందేమోనని చెవి పెట్టి విన్నాను, లేదు, నిజంగానే అడుగుతోంది. "ఇంటికాడ కడుక్కొనొస్తె మల్ల మీరేం కడుగుతరు?"

ఇటుక ముక్కతో రుద్దుకొచ్చిన మా పాదాలన్నీ చీరల కిందికి జరిగాయని నాకు చాపల చప్పుడే చెప్పింది. మట్టి నా వేళ్ళ కింద మెత్తబడి కరగడం మొదలైంది. ఇన్నేళ్ళల్లో ఆ పళ్ళెంలో చివరి మనిషి దాకా నీళ్ళు తేటగానే ఉండేవి, ఆరాధన అయ్యాక వాటినే తీసుకెళ్ళి చెట్లకు పోసేవాళ్ళం.

"నీళ్ళు కరాబైనయి వదినె, మార్చుకొస్త," అంది లీలమ్మ.

"ఆగు. నాకు కానొస్తలే, నువ్వు సూసి జెప్పు. ఎట్లయినయి?"

లీలమ్మ వంగి చూసింది. "ఎర్రగైనయి. మన బాట లెక్క."

"గట్లనా," అన్నాను. ఆ నీళ్ళలోనే చేతులు ముంచి సైదమ్మ రెండో పాదం పట్టుకున్నాను.